మొటిమల ముఖానికి మసాజ్ వద్దక్కా

హన్మకొండ చౌరస్తాలో అడిగినా, కాజీపేటలో అడిగినా, వరంగల్ స్టేషన్ రోడ్డులో అడిగినా పార్లర్‌లో ఫేషియల్ అంటే ఒకటే వరస. క్లెన్సింగ్ మిల్క్‌తో తుడవడం, స్క్రబ్, స్టీమ్, బ్లాక్‌హెడ్స్ తీయడం, క్రీమ్ పెట్టి పావుగంట నుంచి ఇరవై నిమిషాల మసాజ్, చివరికి ప్యాక్. కిట్ డబ్బాలో పౌచుల మీద నంబర్లు వేసే ఉంటాయి. ఒకటి చించాక రెండు, రెండు చించాక మూడు. ముఖం ఎవరిదైనా నంబర్లు మాత్రం మారవు. అరవై ఏళ్ల అమ్మమ్మ పొడిబారిన చెంపకూ, ఇంటర్ చదివే పిల్ల నూనె కారే నుదుటికీ అవే పౌచులు.

నా తగాదా ఆ నంబర్లతోనే. మొటిమలున్న ముఖానికి, ముట్టుకుంటే మండే ముఖానికి మంచి ఫేషియల్ కావాలంటే ఖరీదైన కిట్ కొననక్కర్లేదు. ఉన్న కిట్‌లో సగం పౌచులు చించకుండా పక్కన పెడితే చాలు. కుర్చీలో వెనక్కి వాలిన తర్వాత చెబితే ఎవరూ వినరు. కూర్చునే ముందే చెప్పాలి.

మొటిమ పుట్టే తీరు తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ముఖం మీద ప్రతి సన్నటి వెంట్రుక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆ గొట్టం లోపలి గోడ నుంచి రాలాల్సిన చనిపోయిన కణాలు రాలకుండా నూనెతో కలిసి ముద్దకడితే దారి మూసుకుపోతుంది. మొదట్లో అది కంటికి ఆనదు, వేలికి తగలదు. పైకి కనిపించే మొటిమ కావడానికి వారాలు పడుతుంది. మూత తెరుచుకునే ఉంటే బ్లాక్‌హెడ్, చర్మం కప్పేస్తే వైట్‌హెడ్. లోపల బ్యాక్టీరియా పెరిగి, ఉబ్బిన గోడ చర్మం లోపలికే పగిలితే ఎర్రటి మొటిమ, చీము మొటిమ. అద్దంలో ఐదు మొటిమలు కనిపిస్తున్న ముఖంలో కనిపించకుండా మూసుకుపోయిన గొట్టాలు ఇంకెన్నో ఉంటాయి.

ఇప్పుడు ఆ ముఖం మీద ఒక చెంచాడు క్రీమ్ వేసి ఇరవై నిమిషాలు పిసికితే ఏమవుతుందో ఊహించండి. ఉబ్బి పల్చబడ్డ గోడలు కొన్ని లోపలే చిట్లుతాయి. క్రీమ్‌లోని నూనెలు, మైనం, కొవ్వు పదార్థాలు మిగతా నోళ్లకు అడ్డంపడతాయి. ముఖానికి రాసుకునేవాటి వల్ల మొటిమలొస్తాయన్నది కొత్త సంగతేమీ కాదు. 1972లోనే అమెరికా చర్మవైద్యులు క్లిగ్‌మన్, మిల్స్ దీనికి ‘యాక్నె కాస్మెటికా’ అని పేరు పెట్టారు. చిక్కంతా ఎక్కడంటే, దెబ్బ ఆ రోజే బయటపడదు. ముద్దకట్టి పైకి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి శ్రావణంలో పెళ్లికని చేయించుకున్న ఫేషియల్ ఫలితం బతుకమ్మ నాటికి దవడ మీద, చెంపల మీద గట్టి గడ్డల్లా తేలుతుంది. అప్పటికి ఫేషియల్ ఎవరికి గుర్తుంటుంది? ‘వేడి చేసింది’, ‘పల్లీలు ఎక్కువ తిన్నది’ అంటారు. నింద పల్లీల మీదికి పోతుంది, పార్లర్‌కు మంచి పేరే మిగులుతుంది.

మరి ఆ రోజు వచ్చిన మెరుపు? నిజమే, వస్తుంది. పిసికినందుకు రక్తం పైకి పొంగి, చర్మం కాస్త నీరుపట్టి ఉబ్బి, చిన్న గుంతలు నిండినట్టు కనిపిస్తాయి. పైన మిగిలిన నూనెపొర మీద లైటు పడి మెరుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ ఉబ్బు దిగుతుంది, మెరుపు దానితోనే పోతుంది. గోల్డ్ ఫేషియల్ సంగతీ ఇంతే. బంగారు రేకు చర్మంలోకి ఇంకేది కాదు, ముఖం కడిగిన నీళ్లతో మోరీలోకి పోతుంది.

స్క్రబ్ గురించి రెండు ముక్కలు. ఆక్రోటు పెంకు, ఆప్రికాట్ గింజ పొడి గరుకుగా, వాడి అంచులతో ఉంటుంది. ఎర్రబడి ఉన్న మొటిమ మీద దాన్ని రుద్దితే తల తెగి చీము పక్కకు పాకుతుంది. మన రంగు చర్మానికి ఇంకో బాధ కూడా ఉంది. ఎక్కడ గీత పడినా, ఎక్కడ వాపు వచ్చినా అక్కడ నల్ల మచ్చ మిగులుతుంది. మొటిమ పది రోజుల్లో మానితే దాని మచ్చ మానడానికి నెలలు పడుతుంది. కాబట్టి మన దగ్గర ‘ఏం కాదు, కొంచెం ఎర్రగవుతది అంతే’ అన్న మాటను అంత తేలిగ్గా తీసుకోలేం. ఈ రోజు ఎరుపే వచ్చే నెల నలుపు.

స్టీమ్ దగ్గర కొంచెం ఆగాలి. ‘పోర్స్ ఓపెన్ అవుతయి’ అంటారు. ఆ రంధ్రాలకు తలుపుల్లేవు, తెరిచి మూసే కండరమూ లేదు. ఆవిరి చేసేదల్లా గడ్డకట్టిన నూనెను మెత్తబరచడం. నూనె ముఖానికి అది మూడు నుంచి ఐదు నిమిషాలు, అడుగున్నర దూరం నుంచి చాలు. పది పదిహేను నిమిషాలు పడితే వాపు పెరుగుతుంది. సున్నితమైన చర్మానికి ఆవిరి ఎందుకు మండుతుందో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో తేజ మిర్చి బస్తాలు ఎత్తినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మిరపలోని కారం, 43 డిగ్రీలు దాటిన వేడి నరాల కొసన ఒకే ద్వారాన్ని తడతాయి. ఆ ద్వారాన్ని కారంతోనే వెతికి పట్టుకున్న అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. చెంపలు ఊరికే కందిపోయేవాళ్లకు, సన్నటి ఎర్ర రక్తనాళాలు బయటికి కనిపించేవాళ్లకు స్టీమర్ అసలే వద్దు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన మెత్తటి బట్టను రెండు నిమిషాలు కప్పితే సరిపోతుంది.

ఇంత చెప్పాక ‘అయితే పార్లర్‌కే పోవద్దా?’ అని అడుగుతారు. పోవచ్చు. పేరుకుపోయిన బ్లాక్‌హెడ్స్‌ను నేర్పుగా తీయించుకోవడం వల్ల లాభం ఉంది. ఇంట్లో అద్దం ముందు గోళ్లతో గిల్లుకునేదానికంటే అది వంద రెట్లు నయం. ఫేషియల్ మొత్తంలో మొటిమల ముఖానికి నిజంగా పనికొచ్చే మెట్టు అదొక్కటే. విచిత్రం ఏమంటే పార్లర్లలో అన్నిటికంటే హడావిడిగా, రెండు మూడు నిమిషాల్లో ముగించేదీ అదే. ముక్కు మీద ఇనుప పుల్లతో నాలుగు గీతలు గీసి, టిష్యూ మీద తెల్లటి ముద్దలు చూపించి ‘చూడు ఎంత చెత్త వచ్చిందో’ అంటారు. ముక్కు మీద బూడిదరంగు చుక్కల్లో చాలావరకు చెత్త కానే కాదు, అది ఆ గొట్టంలో మామూలుగా ఉండే నూనె దారం. తీసినా కొన్ని వారాల్లో మళ్లీ నిండుతుంది. బ్లాక్‌హెడ్ నలుపు కూడా మురికి కాదు. గాలి తగిలి నల్లబడ్డ మెలనిన్ అది, రుద్దితే పోయేది కాదు.

సరిగ్గా తీయడం ఎట్లా ఉంటుందో చూడండి. భూతద్దం లైటు ముఖం మీద ఉండాలి, చేతులకు కొత్త గ్లౌజులు ఉండాలి. తీయబోయే చోట 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ జెల్ పల్చగా రాసి ఐదు నిమిషాలు ఆగితే ముద్ద వదులవుతుంది. రెండు చూపుడు వేళ్లకూ టిష్యూ చుట్టుకుని, చుక్కకు అటూ ఇటూ మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో పెట్టి, ముందు కిందికి నొక్కి, తర్వాత మెల్లగా దగ్గరికి తేవాలి. కిందికి నొక్కకుండా నేరుగా పక్కల నుంచి పిండితే ముద్ద పైకి రాదు, లోపలే చిట్లుతుంది. రింగు ఉన్న పుల్ల వాడితే రంధ్రం సరిగ్గా చుక్క మీద పెట్టి నిటారుగా ఒత్తాలి. చర్మం మీద ఈడ్చకూడదు. ముక్కు పక్కన వారం దాకా కనిపించే గోధుమరంగు గీతలన్నీ ఆ ఈడ్పు వల్లే. రెండు మూడు సార్లకు రాకపోతే వదిలేయాలి. నీళ్లలాంటి రసం గానీ రక్తం గానీ కనిపిస్తే అక్కడ ఆపేయాలి. ముక్కు, గడ్డం, నుదురు అన్నీ కలిపి పది నిమిషాలు, అంతకు మించొద్దు.

చర్మం కప్పిన వైట్‌హెడ్‌ను సూదితో నోరు తెరిస్తే గానీ తీయలేం. అది డాక్టర్ చేయాల్సిన పని. ఎర్రగా, నొప్పిగా, చీముతో ఉన్నదాని జోలికి ఎవరూ పోకూడదు. ముఖ్యంగా ముక్కుకు, పైపెదవికి మధ్య చీము గడ్డను పిండడం ప్రమాదం. ఆ భాగపు రక్తనాళాలకు కపాలం లోపలి నాళాలతో సంబంధం ఉంది.

ఇక ఆ పుల్ల సంగతి. మీ ముందు కూర్చున్న ఆమె ముక్కు మీద వాడింది, దూదితో తుడిచి మీ మీద వాడతారా? నీలం వెలుగు డబ్బాలో పెట్టి తీశాం అంటే స్టెరిలైజ్ అయినట్టు కాదు. ఆ వెలుగు పడిన వైపే, అదీ శుభ్రంగా ఉన్న లోహం మీదే ఏదో కొంత పనిచేస్తుంది. నూనె, రక్తం అంటుకున్న చోట దాని వల్ల ఏమీ కాదు. కడిగిన సామాను పెట్టుకోవడానికి ఆ డబ్బా బాగుంటుంది, అంతే. డెటాల్ నీళ్లలో ముంచి తీయడమూ చాలదు. సబ్బుతో రుద్ది కడిగి, ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి పట్టిన ఆవిరితో క్రిములను చంపే పెట్టెలో, 121 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పెట్టాలి. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్ దాదాపు ఆ వేడికే పోతుంది కాబట్టి చిన్న పార్లర్‌కు ఇది మోయలేని ఖర్చేమీ కాదు. కుదరకపోతే సొంత పుల్ల కొనుక్కుని తీసుకుపోండి. డబ్బాలోంచి క్రీమ్ వేలితో తీస్తున్నారా, గరిటెతో తీస్తున్నారా అన్నది కూడా కనిపెట్టండి. తల కింద టవల్ ఉతికిందో కాదో అడగడం మొహమాటమైతే ఇంటి నుంచే ఒకటి పట్టుకుపోవచ్చు.

పోయేముందు పార్లర్‌లో ఈ మాట అనండి: “అక్కా, నాకు క్లీనప్ చాలు. స్క్రబ్ వద్దు, మసాజ్ వద్దు, బ్లీచ్ వద్దు. బ్లాక్‌హెడ్స్ నిమ్మళంగ తియ్యిండ్రి, పైసలు ఫేషియల్‌వే తీసుకోండ్రి.” చివరి ముక్క ముఖ్యం. “మసాజ్ లేకుంటే ఫేషియల్ ఏంది చెల్లె, గ్లో ఎట్లొస్తది?” అని ఆమె అడగడంలో తప్పు లేదు. మసాజ్ బాగుంటేనే కస్టమర్ మళ్లీ వస్తుందని ఆమెకు అనుభవం. కిట్ అమ్మే కంపెనీవాళ్లు నేర్పిందీ అదే. తక్కువ చేయించుకుని పూర్తి డబ్బు ఇచ్చే కస్టమర్లు పదిమంది తయారైతే పార్లర్లు వాటంతటవే మారతాయి. ఆమె చేతిలో పనితనం లేక కాదు, అడిగేవాళ్లు లేకే ఇదంతా.

అట్లాంటి క్లీనప్ అరగంట పడుతుంది. సువాసన లేని, నురుగు తక్కువ వచ్చే ఫేస్‌వాష్‌తో ఒక నిమిషం. క్లెన్సింగ్ మిల్క్ రాసి వట్టి దూదితో తుడిచేస్తే నూనెపొర మిగిలిపోతుంది, నీళ్లతో కడగాలి. బోరునీళ్లు గట్టిగా ఉండి సబ్బు విరిగిపోయే చోట చివరి కడుగుడికి ఫిల్టర్ నీళ్లు అడగండి. విరిగిన సబ్బు తెట్టు చర్మం మీద నిలిస్తే సున్నితమైనవాళ్లకు దురద, మంట. తర్వాత వెచ్చటి బట్ట లేదా మూడు నిమిషాల ఆవిరి. పైన చెప్పినట్టు పది నిమిషాలు తీయడం. ఆ వెంటనే చల్లటి తడిబట్ట ఐదు నిమిషాలు. ప్యాక్ వేస్తే ముల్తానీ మట్టో, తెల్ల బంకమట్టో పల్చగా వేసి, అది ఎండి బీటలు వారక ముందే, ఏడెనిమిది నిమిషాల్లో తడిగా ఉండగానే తీసేయాలి. బిగుసుకుపోయే దాకా ఉంచితే అది పీల్చేసేది నూనెను మాత్రమే కాదు, నీళ్లను కూడా. ముట్టుకుంటే మండే ముఖానికి ప్యాక్ లేకపోయినా నష్టం లేదు. ఆఖర్న సువాసన లేని తేలికపాటి మాయిశ్చరైజర్, పగలైతే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా తీసుకుని ముఖానికీ మెడకూ. అయిపోయింది.

నిమ్మరసం కలిపిన ఫ్రూట్ ప్యాక్ ‘నాచురల్’ కదా అంటారు. పీహెచ్ అంటే పులుపు కొలత, అది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ రెండుకు అటూ ఇటూ, చర్మానిది ఐదుకు దగ్గర. నాచురల్ అన్న మాటకొస్తే జిల్లేడు పాలు కూడా నాచురలే.

రాత్రిపూట అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి మొటిమల పూతమందులు రాసుకుంటున్నవాళ్లు క్లీనప్‌కు, వ్యాక్సింగ్‌కు ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. లేకపోతే వ్యాక్సింగ్ పట్టీతో పాటు పైపొర లేచి వస్తుంది, పైపెదవి మీద నల్లటి చార పడుతుంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే ముఖానికి వ్యాక్స్ వద్దు, యాసిడ్‌తో పైపొర ఊడదీసే పీల్ వద్దు. కోర్సు అయ్యాక కూడా ఆరు నెలలు ఆగమని మందు కాగితమే చెబుతుంది. త్రెడింగ్ ఇంకో రోజుకు పెట్టుకోండి. అప్పుడే దారం లాగిన చర్మం మీద సాలిసిలిక్ పెడితే కేక పుడుతుంది. పార్లర్‌లో ‘పీల్’ అని సీసా తీస్తే శాతం అడగండి. 2 శాతం సాలిసిలిక్ వేరు, 30 శాతం వేరు. రెండోది గడియారం చూస్తూ డాక్టర్ వేయాల్సింది. ఓరుగల్లు ఏప్రిల్, మే ఎండల్లో అట్లాంటి పీల్ చేయించుకుని స్కూటీ మీద ఇంటికి పోవడం మచ్చలను పిలిచి పీట వేయడమే.

అన్నిటికంటే భయపడాల్సింది పేరులేని తెల్ల డబ్బాకు. ‘ఇది రాత్రి రాసుకో చెల్లె, వారంల తెల్లగైతవ్’ అని చేతిలో పెట్టే క్రీమ్‌లో చాలాసార్లు ఉండేది స్టీరాయిడ్. డబ్బా కాక ట్యూబు ఇస్తే, దాని మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లు కనబడితే అదే. వారంలో మొటిమల ఎరుపు తగ్గి ముఖం తేటపడ్డ మాట నిజం. నెలల తరబడి వాడితే చర్మం పల్చబడి, రక్తనాళాలు తేలి, వెంట్రుకలు పెరిగి, ఒకే సైజు ఎర్ర పొక్కులు ముఖమంతా లేస్తాయి. ఆపితే మంట, ఆపకపోతే పొక్కులు. కేంద్ర ఆరోగ్యశాఖ 2018 మార్చిలో 14 రకాల స్టీరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని నిబంధన తెచ్చింది. నిబంధన ఉంది, మెడికల్ షాపులో ట్యూబూ దొరుకుతూనే ఉంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేయకుండా డాక్టర్ దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ప్రైవేటు ఫీజు పెట్టలేనివాళ్లు అక్కడికి పోవచ్చు.

నుదుటి మీద ఆవగింజంత పొక్కులు, అన్నీ ఒకే సైజు, పైగా దురద ఉంటే అవి మొటిమలు కాకపోవచ్చు. నూనె పెట్టిన తల, చెమట, హెల్మెట్ కింద పెరిగే ఫంగస్ వల్ల వచ్చేవి అట్లాగే ఉంటాయి. వాటికి నూనె మసాజ్ అంటే ఎరువు వేసినట్టే. గడ్డల్లాంటి మొటిమలు, గుంతలు పడుతున్న ముఖం, నెలసరి సరిగా రాక గడ్డం కింద వెంట్రుకలతో పాటు వస్తున్న మొటిమలు, వీటిలో ఏదున్నా ఆ ఫేషియల్ డబ్బును డాక్టర్ ఫీజుకు మళ్లించండి. రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం బఠాణీ గింజంత, పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం పల్చగా రాస్తే ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలి. గర్భం ఉన్నా, రాబోతున్నా అడాపలీన్ మొదలుపెట్టొద్దు. పన్నెండు వారాలు చేసే పనిని పార్లర్‌లో గంటలో అడిగితే ఎవరూ చేయలేరు. మొటిమను ఖాళీ చేయడం వేరు, పుట్టకుండా ఆపడం వేరు. క్లీనప్ చేసేది మొదటిది మాత్రమే.

పెళ్లి పెట్టుకున్నవాళ్లకు లెక్క చెప్తా. మొటిమలకు మందు మొదలుపెట్టాల్సింది ముహూర్తానికి మూడు నెలల ముందు, బట్టలు కొనేటప్పుడే. పార్లర్ కొత్తదైతే మొదటి క్లీనప్ నెల, నెలన్నర ముందు చేయించుకోవాలి. అంతకు రెండు రోజుల ముందు అక్కడి క్రీమ్ చెవి వెనక కొంచెం రాసి చూడాలి. ఆఖరి క్లీనప్ పెళ్లికి వారం ముందు, ఆ తర్వాత ముఖం ఎవరూ ముట్టుకోవద్దు. ముందురోజు ఫేషియల్ చేయించుకుని మేకప్ కింద పొక్కులతో కూర్చున్న పెళ్లికూతుళ్లు ప్రతి మాఘంలోనూ కనిపిస్తారు. నలుగు పెట్టేటప్పుడు ఇంటి ఆడబిడ్డలు మోమాటం లేకుండా రుద్దుతారు, సంబురం అట్లాంటిది. చేతులకు, కాళ్లకు ఎంతైనా రుద్దనివ్వండి. ముఖానికి మాత్రం సెనగపిండి పల్చగా పూసి నీళ్లతో కడిగేయమని వదినెకు ముందే చెప్పి పెట్టుకోండి.

క్లీనప్ అయిన రాత్రి ముఖానికి మందులేవీ వద్దు, మాయిశ్చరైజర్ ఒక్కటే. తలకు నూనె పెట్టకండి, దిండు గలేబు మార్చండి. మర్నాడు వంటింట్లో పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడకండి. యాసిడ్లు, అడాపలీన్ మూడు రోజుల తర్వాతే. తీసిన చోట్ల కొన్ని గంటలు ఎర్రగా ఉండడం మామూలే. మర్నాడు పొద్దుటికి కూడా మంట తగ్గకపోయినా, తేనెరంగు పొరకట్టినా, పెదవి పక్కన సన్నటి నీటి పొక్కులు గుంపుగా, నొప్పితో లేచినా పార్లర్‌కు ఫోన్ చేసి ఏం రాయాలని అడగొద్దు. ఆ రోజే చర్మం డాక్టర్‌కు చూపించండి, వాడిన పౌచుల ఖాళీ కవర్లు కూడా పట్టుకుపోండి. అందులో ఏమేం కలిసి ఉందో వాటి వెనకే రాసి ఉంటుంది.